అటక దిగిన కుట్టుమిషను

పాత కుట్టుమిషను గురించి ఒక్క ఉత్తరమే వచ్చి వుంటే విడిగా జవాబు వ్రాసి వూరుకునేదాన్ని. ఈ నెలలో మూడు వచ్చాయి. అందులో ఒకటి చదివాక, ఈ వారం శీర్షిక అంతా దీనికే ఇచ్చేయాలనిపించింది.

ఆ సోదరి వ్రాసిన సంగతి ఇది. అత్తగారు తొక్కిన సింగర్ మిషను వారింట్లో పదిహేనేళ్ళుగా మూలపడి వుంది. హెడ్డు అటకమీద, ఇనప స్టాండు పెరటి వసారాలో. అత్తగారు ఆ మిషను మీద వీధిలోవాళ్ళ రవికలూ, పిల్లల చొక్కాలూ కుట్టి ముగ్గురు బిడ్డల్ని చదివించారట. ఇప్పుడామె లేరు. ఇల్లు అమ్మేస్తున్నారు. పాత సామాన్ల వ్యాపారి వచ్చి, “స్టాండు మాత్రం ఇవ్వండి, పైది మీరే వుంచుకోండి” అని బేరం పెట్టాడు. బావగారేమో, “తొందరపడకండి, పాత సింగరులో ఎర్ర పాదరసం వుంటుంది, లక్షలు పలుకుతుంది” అంటున్నారు. “నాకు కుట్టుపని వచ్చు. ఇది బాగుపడితే నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని వుంది. ఇది బాగుపడేదేనా, లేక నాదే వెర్రా? ఇంట్లో అడిగితే నవ్వుతున్నారు” అని ముగించారామె.

ముందు బావగారి సంగతి తేల్చేద్దాం. ఎర్ర పాదరసం అనేది కట్టుకథ. పాత మిషనులో వుండేవి పోత ఇనుమూ, ఉక్కూ, కాస్త నికెలు పూతా, పాత నూనే. ఈ పుకారు 2009లో సౌదీ అరేబియాలో పుట్టి పెద్ద గొడవే చేసింది. సూది దగ్గర సెల్‌ఫోను పెడితే లైను కట్టయితే పాదరసం వున్నట్టే అని ఎవరో చెప్పారు. జనం పాత సింగర్లకోసం బజార్ల మీద పడ్డారు, వేలాది రియాళ్ళు పోశారు. ఒక్కరికి పాదరసం చుక్క దొరికిన జాడ లేదు. అలాటి బేరగాడెవడైనా మీ గుమ్మంలోకి వచ్చి, “పరీక్ష చేయటానికి ముందు అడ్వాన్సు ఇవ్వండి” అంటే తలుపు వేసేయండి.

ఇక వ్యాపారి. అతను చెప్పిన బేరంలో మోసమేమీ లేదు. తన లాభం తాను చూసుకున్నాడంతే. ఆ ఇనప అల్లిక మీద చలవరాయి పలకో అద్దమో వేసి హోటళ్ళలో, కాఫీ క్లబ్బుల్లో బల్లలుగా అమ్ముతున్నారు. చూడటానికి ముచ్చటగానే వుంటాయి. కాని స్టాండు లేని హెడ్డును ఎవరూ కొనరు, హెడ్డు లేని స్టాండు మళ్ళీ కుట్టదు. రెండింటినీ విడదీసిన రోజున ఒక మిషను తగ్గిపోయినట్టే. కనుక సోదరీ, హెడ్డు చూడకుండా స్టాండు ఇవ్వకండి. చూసే విధానం చెబుతాను.

హెడ్డును వెలుతురులోకి తెచ్చి బల్లమీద పెట్టండి. ఒక్కరే ఎత్తకండి, పోత ఇనుము, నడుము పట్టేస్తుంది. అడుగు పలక మీద, కుడి చేతివైపున, ఒక నంబరు చెక్కి వుంటుంది. అదే దాని జాతకం. అక్షరాలు లేకుండా వట్టి అంకెలే వుంటే 1900కు ముందుది. ‘వై’ అనే అక్షరంతో మొదలైతే 1920లు, 30ల నాటిది. ‘ఈఏ’, ‘ఈబీ’ వంటి జంట అక్షరాలుంటే 1935 తరువాతిది. ఈ రెండు రకాలూ స్కాట్లండులో, గ్లాస్గో దగ్గర క్లైడ్‌బ్యాంకులో తయారైనవి. మన ఇళ్ళలో కనిపించే పాత సింగర్లు చాలామటుకు ఆ వూరినుంచే ఓడెక్కి వచ్చాయి. ఆ కర్మాగారం 1880లలో మొదలై 1980లో మూతపడింది. అక్కడి రైల్వే స్టేషను పేరు మాత్రం ఈనాటికీ ‘సింగర్’ అనే వుంది.

ఆ కర్మాగారం గురించి మన ఆడవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 1911 మార్చిలో, మిషను చెక్క పెట్టెలకు పాలిష్ పెట్టే పన్నెండుమంది స్త్రీలు, పని పెంచి కూలి తగ్గిస్తున్నారని పని మానేశారు. వారి వెనకాల దాదాపు 11 వేలమంది బయటికి నడిచారు. సమ్మె మూడు వారాలు సాగి ఓడిపోయింది. చాలామంది వుద్యోగాలు పోయాయి. మీ అత్తగారి మిషను బల్లమీద ఇంకా మెరుపు మిగిలివుంటే, అది అటువంటి చేతుల పనే.

కనిపెట్టిన మగవాడి కథ ఇంత గొప్పగా వుండదు. గాంధీగారు 1924లో యంత్రాల గురించి మాట్లాడుతూ కుట్టుమిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. భార్య సూదితో పడే అవస్థ చూడలేక, ప్రేమకొద్దీ సింగర్ దానిని కనిపెట్టాడని ఆయన చెప్పారు. ఐజాక్ సింగరుగారు ఒకే కాలంలో ఒకటికి మించిన సంసారాలు నడిపిన ఘనుడు. పైగా మొన దగ్గర కన్నువున్న సూదితో కుట్టే యంత్రానికి 1846లోనే ఎలియాస్ హోవ్ పేటెంటు తీసుకున్నాడు. సింగరు పేటెంటు 1851లో. అయినా 1856 నుంచీ వాయిదాలమీద అమ్మటం మొదలుపెట్టి ఆ కంపెనీ ఒక మేలు చేసింది. మొత్తం ఒక్కసారి ఇచ్చుకోలేని ఇల్లాలికి మిషను అందింది.

కథలు చాలు, పనిలోకి వద్దాం. తరువాత చూడవలసింది బాబిను. సూది పక్కనున్న రేకును జరపండి. బాబిను గుండ్రంగా, ఒక చిన్న డబ్బాలో నిలువుగా కూర్చుని, ఎడమవైపునుంచి బయటికి వస్తే అది 15 వ తరగతి మిషను. మీ అదృష్టం పండినట్టే. మన ఉషా మిషన్లు, లుధియానాలో తయారయ్యే నల్ల మిషన్లు చాలామటుకు ఆ నమూనా మీదే పుట్టాయి. సూది, బాబిను, బాబిను డబ్బా, ఫుట్టు — ఏ చిన్న పట్నంలోనయినా మిషను సామాన్ల కొట్లో దొరుకుతాయి. బాబిను గుండ్రంగానే వుండి, పళ్ళెంలో పెట్టినట్టు పడుకుని వుంటే అది 66 కావచ్చు. మంచి మిషనే, కాని దాని బాబిను వేరు; కలగలపకూడదు. సన్నగా, పొడుగ్గా వుండే బాబిను పడవలాటి షటిల్లో వుంటే పాత కాలపు రకం. చక్కగానే కుడుతుంది కాని షటిలు పోతే వెతుక్కోవాలి. షటిలు లేకుండా అలాటి మిషను ఎవరైనా అమ్మితే, ఎంత చవకయినా వద్దనండి. ఇంకా పాతవాటిలో కొన్నింటికి సరిపోయే సూదులే దొరకటం కష్టం. సూది దొరకని మిషనును అద్దాల బీరువాలో పెట్టుకోవటమే.

రెండో ఉత్తరం వ్రాసిన అమ్మాయి పాత మిషను కొనాలనుకుంటున్నది. ఆమె కూడా ఇక్కడిదాకా చదివి వుంటుంది. ఆమెకు ఇంకో మాట. కొట్టువాడు నలుపు రంగు కొత్తగా కొట్టి, పూల బొమ్మలు అతికించి నిగనిగలాడిస్తే మోసపోకండి. పెయింటు కింద ఏముందో తెలియదు. పాత బంగారు రంగు బొమ్మలు అరిగిపోయి, చేతులు తగిలినచోట నలుపు పోయిన మిషనునే నేనయితే నమ్ముతాను. అది ఎవరో రోజూ కుట్టిన మిషను. చేతి చక్రాన్ని మీవైపుకు తిప్పి చూడండి. సూదికడ్డీని పట్టుకుని అటూ ఇటూ కదపండి, వూగిసలాడితే అరిగిపోయిందన్నమాట. గుడ్డను నెట్టే పళ్ళు వేలికి గుచ్చుకోవాలి. నున్నగా వుంటే గుడ్డ కదలదు. పోత ఇనుములో ఎక్కడయినా బీట వుందేమో, ముఖ్యంగా స్టాండు కాళ్ళ దగ్గర, వేలితో తడిమి చూడండి. పోత ఇనుము అతకటం అందరు మేస్త్రీలకూ చేతగాదు. ధర మాటకొస్తే, ఇప్పటికీ స్టాండుతో సహా కొత్త కాలి మిషన్లు అమ్ముతున్నారు. దాని వెల ముందు కనుక్కుని వెళ్ళండి. బాగుచేయించే ఖర్చు కలిపి అంతకు మించితే, ‘పాతది, పురాతనమైనది’ అన్న మాటకు మాత్రం మీరు డబ్బిస్తున్నారని గుర్తు.

మళ్ళీ మన సోదరి మిషను దగ్గరకు. చేతి చక్రం తిరగలేదనుకోండి. కంగారుపడకండి, బలం అసలు వాడకండి. పదిలో తొమ్మిదిసార్లు అది తుప్పు కాదు, నూనె. మన ఇళ్ళలో మిషను నూనె అయిపోతే కొబ్బరినూనో ఆముదమో పోసే అలవాటుంది. అవి కొన్నాళ్ళకు జిగురై, తరువాత లక్కలా గట్టిపడిపోతాయి. మూలపడిన మిషన్లను చంపేది వయసు కాదు, వంటింటి నూనె. అసలు మిషను నూనె తెల్లగా, పల్చగా, వాసన లేకుండా వుంటుంది. అదొక్కటే వాడాలి.

ముందు సూదీ, ఫుట్టూ తీసేయండి. సూది కింది రేకు మరలు విప్పి చూస్తే ఆ పళ్ళ మధ్య దూదిపీచు కంబళిముక్కలా అట్టకట్టి వుంటుంది. పాత పళ్ళుతోముకునే బ్రష్షుతో, పుల్లతో అదంతా పెరికేయండి. షటిలు వెనకాల తెగిన దారం ఇరుక్కుని వుందేమో చూడండి. ఒక్క దారపు ముక్క కూడా చక్రాన్ని బిగదీసేస్తుంది. తరువాత నూనె వేసే చిల్లులన్నింటిలో, ఇనుముమీద ఇనుము రాసుకునే ప్రతిచోటా, కొద్దిగా కిరసనాయిలు. ఈ పని వసారాలోనో పెరట్లోనో చేయండి. దగ్గర్లో దీపం, పొయ్యి, సిగరెట్టు వుండకూడదు. చక్రాన్ని కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు వూపి వదిలేయండి. రాత్రంతా నాననివ్వండి. మర్నాడు మళ్ళీ వేయండి. మూడు నాలుగు రోజులు పట్టినా ఫర్వాలేదు. ఒకరోజు పొద్దున చక్రం హఠాత్తుగా కదిలి, నల్లటి రసం కారుతుంది. అది తుడిచేసి, కిరసనాయిలు ఆనవాలు లేకుండా చేసి, అప్పుడు మిషను నూనె ఒక్కొక్కచోట ఒకటి రెండు చుక్కలు. హెడ్డును వెనక్కు వాల్చి అడుగున కూడా వేయటం మరవకండి. అడుగుభాగం సంగతి చాలామందికి గుర్తే వుండదు.

పైమెరుగు తుడిచేటప్పుడు జాగ్రత్త. ఆ నలుపుమీది బంగారు బొమ్మలకు పైన లక్కపూత వుంటుంది. స్పిరిటు తగిలిందా, పూతా బొమ్మా రెండూ గుడ్డకు అంటుకు వచ్చేస్తాయి. సబ్బునీళ్ళూ, గిన్నెలు తోమే పీచూ అసలే పనికిరావు. దూదికి మిషను నూనె తడిపి మెల్లిగా, కొంచెం కొంచెంగా తుడవండి. బొమ్మ ముందు మరీ మెత్తగా. సగం మురికి మిగిలినా నష్టంలేదు. బొమ్మ పోతే తిరిగిరాదు.

చేతి చక్రం మధ్యనున్న మర గురించి ఒక ముక్క. బాబినుకు దారం చుట్టేటప్పుడు సూది ఆగిపోవటానికి దానిని వదులుచేస్తాము గదా. శుభ్రంచేయటానికి విప్పితే లోపల మూడు చెవుల బిళ్ళ ఒకటి వస్తుంది. అది ఎలా కూర్చుని వున్నదో ముందే గీసి పెట్టుకోండి. తిరగేసి బిగిస్తే చక్రం పట్టు పట్టదు, లేకపోతే వదలదు. “మిషను శుభ్రం చేశాక పాడయింది” అని గోలపెట్టేవాళ్ళలో చాలామంది బాధ ఈ బిళ్ళే.

ఇక స్టాండు. పెరట్లో వానకు తడిసింది కనుక తుప్పు వుంటుంది. తీగల బ్రష్షుతో గీకి, రంగు వేసుకోవచ్చు, కాని పెడలు తిరిగే మొనల దగ్గర, చక్రం ఇరుసు దగ్గర రంగు పడకూడదు. అక్కడ నూనె మాత్రమే. పెడలును చక్రానికి కలిపే కడ్డీ వదులైతే టకటక శబ్దం వస్తుంది. ఆ మర బిగిస్తే సగం శబ్దం పోతుంది. చెక్క బల్లకు చెదలు పట్టి వుంటే దిగులు వద్దు, వడ్రంగిచేత కొత్త పలక చేయించండి. పాత పలకను పారేయకుండా కొలతకు ఇవ్వండి. హెడ్డు కూర్చునే కంత, బెల్టు దూరే రెండు చిల్లులూ కచ్చితంగా రావాలి. తోలు బెల్టు కొత్తది వేయించండి. కొత్త తోలు కొన్నాళ్ళు సాగుతుంది. జారుతున్నదనిపిస్తే కొద్దిగా కోసి మళ్ళీ కొక్కెం తగిలించండి. మరీ బిగిస్తే తొక్కటం బరువై మోకాళ్ళు నొప్పిపుడతాయి.

చక్రానికీ మీ కాళ్ళకూ మధ్య ఒక ఇనప అడ్డు వుండాలి. దొరసానుల గౌన్లు చక్రంలో పడకుండా పెట్టిన ఏర్పాటు అది. మన చీర కుచ్చెళ్ళకూ అంతే అవసరం. చాలా స్టాండ్లకు అది ఊడి పోయి వుంటుంది. లేకపోతే రేకుతోనయినా చేయించండి. నూనె మరక చీరకు అంటితే ఒక పట్టాన వదలదు, చెంగు చక్రంలో పడితే అంతకంటే ప్రమాదం. చిన్నపిల్లలున్న ఇంట్లో పని అయిపోగానే బెల్టు తప్పించటం మంచి అలవాటు.

మూడో ఉత్తరం వ్రాసినావిడకు మిషను తిరుగుతున్నది కాని దారం తెగుతున్నది. మొదట చక్రం ఎటు తిరుగుతున్నదో చూడండి. చేతి చక్రం పైభాగం ఎప్పుడూ మీవైపుకే రావాలి. పెడలు మొదటి తొక్కుకు వెనక్కు తిరిగిందా, దారం చిక్కుపడి తెగుతుంది. అందుకే దారం లేకుండా, ఫుట్టు ఎత్తిపెట్టి, వట్టినే తొక్కి రెండు మూడు రోజులు అలవాటు చేసుకోవాలి. చేత్తో చక్రాన్ని ముందుకు తిప్పి, కాలు దానిని అందుకోవాలి. తరువాత సూది. సూదికి ఒకవైపు పొడుగునా గాడి వుంటుంది. దారం ఆ గాడివైపునుంచే కన్నులోకి దూరాలి, చదునువైపు షటిలుకు ఎదురుగా వుండాలి. తిరగేసి పెట్టిన సూదితో దేవుడు దిగివచ్చినా కుట్టు పడదు. కుట్టు పడుతూ, గుడ్డ అడుగున దారం ఉచ్చులుగా వస్తే పై దారం వదులన్నమాట. ఫుట్టు ఎత్తి వుంచి దారం మళ్ళీ ఎక్కించండి. ఎత్తినప్పుడే టెన్షను బిళ్ళలు విడిపోయి దారం వాటి మధ్యకు దిగుతుంది. బాబిను డబ్బాను దాని దారంతో వేలాడదీయండి. వూరికే వుండాలి, చేతిని చిన్నగా కుదిపితే రవంత దిగి ఆగాలి. జర్రున జారితే వదులు, కుదిపినా కదలకపోతే బిగువు. డబ్బా మీది మరను తిప్పవలసివస్తే గడియారం ముల్లు కదిలినంతే తిప్పండి.

ఇప్పుడు మొదటి సోదరి అడిగిన అసలు ప్రశ్న. దీనితో నాలుగు డబ్బులు వస్తాయా?

రాని పనులు ముందే చెప్పటం న్యాయం. ఇది తిన్నని కుట్టు ఒక్కటే వేస్తుంది. చీరలకు పీకో చేయలేరు. దానికి సూది అటూ ఇటూ కదిలే మిషను కావాలి. ఓవర్‌లాకు రాదు. సాగే బనీను గుడ్డమీద కుట్టు తెగిపోతుంది. చాలా పాతవాటికి వెనక్కు కుట్టే మీట కూడా వుండదు. కుట్టు చివర గుడ్డను తిప్పి నాలుగు కుట్లు వేసి ముడి బిగించుకోవాలి. గంటకు ఇన్ని అని లెక్కపెట్టే రెడీమేడు దుకాణం పని దీనిమీద ఒప్పుకోకండి. కరెంటు మిషను ముందు మీ కాళ్ళు ఓడిపోతాయి.

వచ్చే పనులు? రవికలు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు పొడవు దింపటం, నడుము వదులుచేయటం, దిండు గలీబులు, పరదాలు, గుడ్డ సంచులు. జీన్సు పంట్లాము అంచు మడిచి కుట్టమని తెచ్చేవాళ్ళు ఇవాళ ప్రతి వీధిలో వున్నారు. దానికి లావు సూది వేసి, మడత ఎత్తు దగ్గర కాలు తీసేసి చక్రాన్ని చేత్తో తిప్పండి. ప్లాస్టిక్ మిషన్లు మొరాయించేచోట ఈ ఇనుము దాటిపోతుంది. కరెంటు పోయినరోజున మీ పని ఆగదు. అత్తగారికి ముగ్గురు పిల్లల చదువును ఇచ్చిన సంపాదన ఈ పనులదే గదా. ఈ రోజుల్లో అది ఇంటి ఖర్చు మొత్తానికి సరిపోతుందని చెప్పను. మీ చేతిలో మీదంటూ కొంత డబ్బు వుండటానికి సరిపోతుంది. మీరు అడిగిందీ అంతేనని నాకర్థమయింది.

ఇంట్లోవాళ్ళ నవ్వు సంగతి నాకు వదిలేయండి. వ్యాపారితో వారం రోజులు గడువు అడగండి. పారిపోడు, అలాటి స్టాండుకోసం వాళ్ళే తిరుగుతుంటారు. ఈలోగా హెడ్డు కిందికి దింపించి, కిరసనాయిలు వేసి నానబెట్టండి. కుట్టటం మొదలుపెట్టాక మొదటి రెండురోజులూ పాత పంచెముక్కమీదే కుట్టండి, నూనె మరక పడటం మానేదాకా. అంతవరకు పొరుగువాళ్ళ గుడ్డ ముట్టవద్దు. నంబరు మొదటి అక్షరాలూ, బాబిను గుండ్రమా పొడుగా అన్నదీ ఒక కార్డుమీద వ్రాసి పంపండి. ఏ సామాను ఏ పేరుతో అడగాలో జవాబు వ్రాస్తాను.